గని లారీ అడుగు రేకు

ఎల్కోకి ఉత్తరాన, బంగారు గని పాత సామాన్ల దొడ్డిలో
దొరికిందీ రేకు.
ఇరవై ఏళ్లు కొండరాళ్లు మోసిన లారీ తొట్టికి అడుగున పరిచినది.
లోపలివైపు అద్దంలా అరిగిపోయింది.
తూకానికి అమ్మే ఓర్విల్ టిబెట్స్
సుద్దముక్కతో దానిమీద ధర రాస్తూ అడిగాడు:
"ఏం చేస్తావు దీంతో, మైతెనా?"
"నాన్నకి గురిపలక."
"మోగితే ఆయనకి వినబడదు కదా!"
నేను బేరం ఆడలేదు.

నలభై ఏళ్లు గొర్రెల మంద వెనకాల
గుంటనక్కల మీద పేల్చి పేల్చి
ఎడమ చెవి ముందు పోయింది,
కుడిది దాని వెనకే నడిచింది.
గురి మాత్రం ఎక్కడికీ పోలేదు.

పాతది నాగలి పళ్లెం. మెత్తటి ఇనుము.
ప్రతి గుండుకీ ఒక గుంట,
చివరికి అమ్మవారు పోసిన మొహంలా తయారైంది.
గుంటలో పడ్డ గుండు అక్కడ ఊరుకోదు,
వచ్చిన దారి వెతుక్కుంటుంది.
పోయిన అక్టోబరులో అలా తిరిగొచ్చిన రాగి తునక
మా కుక్క బెల్చా తొడలో దిగింది.
నాన్న పట్టకారుతో లాగి
కాఫీ సాసర్లో పెట్టుకుని రెండ్రోజులు దాన్నే చూశాడు.
మూడోనాడు పళ్లెం ఊడదీశాడు.
తుపాకీకి నూనె రాసి బీరువాలో పెట్టేశాడు.

ఇనుము కాలినప్పుడే సాగగొట్టాలంటారు.
ఈ ఇనుము ఆ సామెత వినలేదు.
నిప్పు సోకితే దీని పౌరుషం చస్తుంది.
గ్యాసుమంట పక్కన పెట్టి,
నీళ్ల బల్ల మీద ప్లాస్మాతో కోశాను, ఆగి ఆగి,
పసిపిల్ల గోళ్లు తీసినట్టు.
ముఖాన వెల్డింగు చుక్క ఒక్కటీ పడనివ్వలేదు.
రెండు బెజ్జాలు, రెండు బోల్టులు,
ఫైర్ స్టేషన్ వాళ్లు పారేసిన గొట్టం ముక్క.
గొలుసైతే ఒక్క దెబ్బకి తెగుతుంది,
గొట్టం చిల్లి పడ్డా పట్టు వదలదు.
పలకని కాస్త ముందుకి వంచి వేలాడదీశాను.
చెదిరిన సీసం దాని కాళ్లదగ్గరి మట్టిలోకే పోవాలి,
మళ్లీ ఎవరి తొడలోకీ కాదు.

"చెవిటివాడి ముందు శంఖమా!" అంది దొమేకా అత్త.
అందుకే తెల్లరంగు పూశాను.

మూడు వందల గజాలు.
సేజ్ పొదల మీద ఇంకా మంచు.
కళ్లద్దాలు పెట్టుకుని, గొర్రెతోలు మీద బోర్లా పడుకుని
నాన్న సగం ఊపిరి వదిలాడు.
పేలింది.
తెలుపు మీద బూడిదరంగు పువ్వు.
పలక ఊగింది.
చప్పుడు మాత్రం ఇంకా దారిలోనే ఉంది,
బరువెత్తుకుని నడిచొచ్చే మనిషిలా.
అది నా దగ్గరికి చేరగానే
ఆయన వీపు మీద వేలితో ఒక్కటి తట్టాను.
ఐదు గుళ్లు, ఐదు తట్లు.
నాలుగోది నేను ఆలస్యం చేశానని
వెనక్కి తిరిగి చూశాడు.

తర్వాత తుపాకీ ఖాళీ చేసి, నడిచి వెళ్లి
బొటనవేలితో పలకంతా తడిమాడు.
గుంట లేదు. నునుపు.
ఓర్విల్ సుద్దతో రాసిన ధర వెనకవైపు అలాగే ఉంది.
అది చదివి నాకేసి ఒకసారి గుర్రుగా చూసి
పలక అంచుకి దవడ ఆనించాడు.
నా జేబులోని స్పానర్‌కేసి వేలు చూపించాడు.

కొట్టాను.
కళ్లు మూసుకున్నాడు. మళ్లీ కొట్టమన్నాడు.
బెల్చా దూరంగా జరిగి కూర్చుంది.

చాలాసేపటికి దవడ తీసి,
చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా,
లోయంతా వినేలా అన్నాడు:
"కొంచెం బొంగురు."